‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ప్లేటులో శ్రుతి ఎందుకు తేడాగా ఉంటుంది? మూడు జాజ్ ఎల్.పి.లు వింటూ తెలుసుకుందాం

[తెర మీద: తిరుగుతున్న ప్లేటు. ముల్లు గాడిలోకి దిగుతుంది. పక్కన చిన్న కీబోర్డు.]

వాయిస్:
ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. 1959 ఆగస్టులో కొలంబియా కంపెనీ విడుదల చేసిన ఎల్.పి. మొదటి పాట ‘సో వాట్’. ఇది రెండు శ్రుతిలో, అంటే కీబోర్డు మీద డి దగ్గర పలకాలి. కానీ పాత ప్రెస్సింగ్, అంటే అప్పట్లో అచ్చొత్తిన ప్లేటు పెట్టి కీబోర్డుతో పోల్చి చూడండి. రెండుకీ రెండున్నరకీ మధ్య ఎక్కడో నిలబడుతుంది. ఇక్కడే చాలామంది మోటారు పాడైందనుకుని స్క్రూడ్రైవర్ తీస్తారు. ఆగండి.

[తెర మీద: క్యాలెండర్. 1959 మార్చి 2, ఏప్రిల్ 22.]

ఈ రికార్డింగ్ న్యూయార్క్‌లో, కొలంబియా వాళ్ల 30వ వీధి స్టూడియోలో జరిగింది. అంతకుముందు అది చర్చి. మొదటి వైపున్న మూడు పాటలూ మార్చి 2న రికార్డయ్యాయి. ఆ రోజు అసలు టేపు తిప్పిన యంత్రం కాస్త నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా నడిచిన టేపును తర్వాత సరైన వేగంతో ఆడిస్తే ఏమవుతుంది? పాట పరుగెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. దాని పక్కనే ఇంకో యంత్రం మీద జాగ్రత్త కోసం రెండో కాపీ కూడా తీశారు. ఆ టేపు వేగం సరిగ్గానే ఉంది. దాన్ని వాడి తప్పు దిద్దింది 1992లో. రెండో వైపు పాటలు ఏప్రిల్ 22వి కాబట్టి వాటికి ఈ గొడవ లేదు.

మరి తప్పు టేపుదా, మీ టర్న్‌టేబుల్‌దా? తేల్చుకోవడానికి యాప్ కూడా అక్కర్లేదు.

[తెర మీద: ప్లాటర్ అంచున తెల్ల టేపు ముక్క. పక్కన స్టాప్‌వాచ్.]

ప్లాటర్, అంటే ప్లేటు కింద తిరిగే పళ్లెం అంచుకి చిన్న టేపు ముక్క అంటించండి. ప్లేటు పెట్టి, ముల్లు కూడా దించండి, ఎందుకంటే ముల్లు రాపిడికి వేగం కొంచెం తగ్గొచ్చు. 100 చుట్లు లెక్కపెట్టండి. నిమిషానికి 33⅓ చుట్లంటే 100 చుట్లకి సరిగ్గా 180 సెకన్లు. 180 వచ్చినా శ్రుతి ఎక్కువగా వినిపిస్తోందంటే అది ఆ రికార్డింగ్ టేపు పుణ్యమే. 175 దగ్గర ఆగిందంటే మోటారు దాదాపు 3 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతోంది. అప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి.

అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్ తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. వోల్టేజీ దారికొస్తుంది గానీ కరెంటు ఫ్రీక్వెన్సీ మారదు. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. నేరుగా ఏసీ మీద నడుస్తూ ఆ ఫ్రీక్వెన్సీని బట్టే తిరిగే సింక్రనస్ మోటారైతే నిమిషానికి 28 చుట్ల లోపే తిరుగుతుంది, ట్రంపెట్ మత్తెక్కినట్టు పాడుతుంది. 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే మార్చుకోవాలి. అడాప్టర్‌తో వచ్చే డీసీ మోటారు రకాలకి ఈ బాధ లేదు.

‘సో వాట్’ వదిలి ముందుకెళ్లే ముందు ఒక్క మాట. దీని స్వరాల వరుసని పాశ్చాత్య సంగీతంలో డోరియన్ అంటారు. షడ్జమం డి దగ్గర పెట్టుకుని ఆరోహణ పాడండి. అచ్చం మన ఖరహరప్రియ స్వరాలే. రాగం వేరు, గమకాలు లేవు, నిజమే. కానీ మధ్యలో 8 బార్ల (తాళపు ఆవర్తాల లాంటివి) పాటు అదే వరుస మొత్తం అర మెట్టు పైకి జరిగి మళ్లీ కిందికి దిగుతుంది. మన చెవికి అది శ్రుతిపెట్టె మార్చినట్టే ఉంటుంది, చటుక్కున పట్టేస్తాం.

[తెర మీద: టోన్ ఆర్మ్ లేబుల్ వైపు జరుగుతూ వస్తుంది. దగ్గరి షాట్.]

‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి వైపు ఆఖరి పాట ‘బ్లూ ఇన్ గ్రీన్’. మీ సెట్టింగుకి అసలు పరీక్ష ఇది. ప్లేటు బయటి అంచున గాడి ముల్లు కింద నుంచి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు పోతుంది. లోపలి చివరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే ఒక సెకను సంగీతం సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అక్కడ మైల్స్ మ్యూట్ (శబ్దం తగ్గించే మూత) పెట్టి వాయించే ట్రంపెట్, పలచగా, పదునుగా. ముల్లు కోణం కాస్త తప్పినా ఆ శబ్దం చిరిగిన గుడ్డలా వినిపిస్తుంది.

దిద్దడం ఎలా? ముందుగా, వెనక ఉన్న బరువు తిప్పి టోన్ ఆర్మ్ (ముల్లుని మోసే చెయ్యి) గాల్లో సమంగా తేలేలా చేయండి. అక్కడ డయల్ సున్నా దగ్గర పెట్టి, తర్వాత బరువు ఇవ్వండి. ఎంతన్నది కార్ట్రిడ్జ్‌ని, అంటే ముల్లు అమర్చిన చిన్న డబ్బీని బట్టి ఉంటుంది. ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు, ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు. డయల్ని పూర్తిగా నమ్మొద్దు, చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి. బరువు తగ్గిస్తే ప్లేటు తక్కువ అరుగుతుందనుకోవడం పొరపాటు. తేలికైన ముల్లు గాడి గోడల మధ్య ఎగిరెగిరి పడుతుంది, ఆ దెబ్బలకే గోడలు చెక్కుకుపోతాయి.

ఇక కోణం. స్పిండిల్ (ప్లేటు మధ్య కడ్డీ) నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒక చుక్క, 120.9 దగ్గర ఇంకో చుక్క ఉన్న ప్రొట్రాక్టర్ (కోణం చూసే గీతల అట్ట) దొరుకుతుంది. రెండు చోట్లా కార్ట్రిడ్జ్ అంచు గీతలతో సమాంతరంగా ఉండాలి. ఒకచోట కుదిరి రెండోచోట తప్పితే కార్ట్రిడ్జ్‌ని ముందుకో వెనక్కో అర మిల్లీమీటరు జరపండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారి చేస్తే చాలు.

[తెర మీద: ‘బ్లూ ట్రెయిన్’ అట్ట. ప్లేటు తీసి, టార్చి వెలుగులో లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ పట్టీ.]

రెండోది శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రెయిన్’. బ్లూ నోట్ కంపెనీ ప్లేటు, నంబరు 1577. 1957 సెప్టెంబరు 15న న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే రికార్డు చేశాడు. కోల్ట్రేన్, బేస్ వాయించిన పాల్ ఛాంబర్స్, ఇద్దరూ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోనూ ఉన్నారు. వరసగా రెండూ వినండి. చర్చి గదిలో శాక్సఫోన్ చుట్టూ గాలి ఉంటుంది. వాన్ గెల్డర్ గదిలో అది మన మీదికి వచ్చి నిలబడుతుంది.

పాత బ్లూ నోట్ కొనేవాళ్లు అట్ట కంటే ముందు చూడాల్సింది ఈ ఖాళీ పట్టీ. టార్చిని పక్కవాటుగా పట్టండి. వాన్ గెల్డర్ పేరు గానీ, ఆర్.వి.జి. అన్న అక్షరాలు గానీ కనిపిస్తే ఆ లక్కర్ (ప్లేట్లు అచ్చొత్తడానికి ముందు గాడి కోసే మూల ప్లేటు) ఆయన స్వయంగా కోసినదని అర్థం. దాని దగ్గరే చెవిలాంటి చిన్న గుర్తు వెతకండి. అది నిజానికి గొలుసుకట్టులో రాసిన పి అక్షరం, ప్లాస్టిలైట్ అనే ఫ్యాక్టరీ ముద్ర. లిబర్టీ కంపెనీ బ్లూ నోట్‌ని కొన్నాక 1966లో ఆ ఫ్యాక్టరీలో వేయించడం ఆగిపోయింది. కాబట్టి చెవి ఉంటే అంతకు ముందుది.

లేబుల్ మీద న్యూయార్క్ చిరునామా చూసి డబ్బు పోయకండి. లిబర్టీ వాళ్లు మిగిలిపోయిన పాత లేబుళ్లని కూడా వాడేశారు. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆ పట్టీ ఫొటో అడగండి. పంపనంటే వదిలేయండి.

మా సలహా అడిగితే: చెవి లేకుండా, వాన్ గెల్డర్ ముద్ర ఉన్న లిబర్టీ కాలపు ప్లేటు తీసుకోండి. కోత ఆయనదే, ధర మాత్రం చాలా తక్కువ. అదీ వద్దనుకుంటే 2022లో బ్లూ నోట్ వాళ్ల టోన్ పొయెట్ అనే పునర్ముద్రణ సిరీస్‌లో వచ్చిన మోనో ప్లేటు (కుడి ఎడమల్లో ఒకే శబ్దం) ఉంది. మాస్టరింగ్ ఇంజినీరు కెవిన్ గ్రే అసలు అనలాగ్ టేపుల నుంచి కోసింది. చిటపటలు లేకుండా వినాలనుకునేవాళ్లకి అరిగిపోయిన ఒరిజినల్ కంటే ఇదే మేలు.

[తెర మీద: గాడి బొమ్మ. ముల్లు పక్కలకి మాత్రమే కదులుతుంది.]

మోనో ప్లేటులో సంగీతం అంతా ముల్లు పక్కలకి కదలడంలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలితే అది దుమ్ము, అరుగుదల, అంతే. ఆంప్లిఫైయర్ మీద మోనో బటన్ నొక్కితే ఆ పైకిందుల చప్పుడు రద్దవుతుంది. బటన్ లేకపోతే రెండు వై కేబుళ్లతో కుడి ఎడమలు కలిపి మళ్లీ విడదీయొచ్చు. టర్న్‌టేబుల్‌కీ ఫోనో ప్రీఆంప్‌కీ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) మధ్య పెట్టండి. గుయ్‌మని మోగితే గ్రౌండ్ వైరు చూసుకోండి.

[తెర మీద: ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’. బల్ల మీద సీసాలు, మెత్తటి గుడ్డ.]

మూడోది పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ ట్రయో (ముగ్గురి బృందం) ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’. 1961 జూన్ 25 ఆదివారం, న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో రికార్డు చేసినది. బేస్ వాయించిన స్కాట్ లఫారో జూలై 6న కారు ప్రమాదంలో చనిపోయాడు. అంత నెమ్మది సంగీతంలో ప్లేటు మీది ప్రతి మురికీ వినిపిస్తుంది. అందుకే కడగడం దీనితో చూపిస్తున్నాం.

800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండే రెండు చుక్కల పాత్రల సబ్బు. బోరు నీళ్లు వద్దు, ఆరాక గాడిలో సున్నం మిగులుతుంది. షాపులో డిస్టిల్డ్ వాటర్ అని స్పష్టంగా అడగండి, బ్యాటరీ యాసిడ్ డబ్బా కూడా ఆ పక్కనే ఉంటుంది. తాతగారి 78 ఆర్‌పీఎం లక్క ప్లేట్ల మీద ఈ ద్రవం చుక్క కూడా పడనివ్వకండి. ఆల్కహాల్ లక్కని కరిగించేస్తుంది.

లేబుల్ తడవకుండా, గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు. ఈ కడగడం వదిలేస్తే సబ్బు ముల్లుకి అట్ట కడుతుంది. నీడలో నిలబెట్టి ఆరనిచ్చి కొత్త లోపలి కవర్లో పెట్టండి. పాత కవర్లో పెడితే పాత దుమ్మే మళ్లీ పడుతుంది. బీరువాలో నిలువుగానే ఉంచాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి, కారులో మరిచిన ప్లేటు అరగంటలో అప్పడంలా లేస్తుంది.

[తెర మీద: ముల్లు దిగుతుంది. ‘మై ఫూలిష్ హార్ట్’ మొదటి స్వరాలు.]

కడిగాక వినండి. టిక్కు టిక్కుమని సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తే అది గీత, ఒక చుట్టుకి ఒకసారి తగులుతోంది. కడిగినా పోదు. ఎక్కడపడితే అక్కడ చిటపటమంటే ఇంకా దుమ్ముంది, మరోసారి కడగండి. గలగలమని మోగి మెల్లగా సద్దుమణిగే చప్పుడొకటి ఉంటుంది. దాని కోసం గుడ్డ అందుకోకండి. అది ఆ ఆదివారం వాన్‌గార్డ్‌లో బల్లల మీది గాజు గ్లాసులది.