నెట్ పోయిందా? ముందు ఎర్ర లైటు చూడండి

[దృశ్యం: వాన వెలిసిన కొబ్బరితోట. స్తంభం నుంచి ఇంటి చూరు దాకా వేలాడుతున్న సన్నటి నల్ల వైరు]

నమస్కారం అండీ. ఈ వైరు చూశారా? మా కోనసీమలో చాలా ఇళ్లకి నెట్ వచ్చేది ఇలాగే, కొబ్బరిచెట్ల మధ్య నుంచి. గాలివానకి ఒక మట్ట దీనిమీద పడిందంటే, లోపల వెంట్రుకంత సన్నగా ఉండే గాజుపోగు విరిగిపోవచ్చు. మొన్న వానలకి మా ఇంట్లో అదే జరిగింది. సంగతి తెలియక గంటసేపు రౌటర్ ఆపుతూ, వేస్తూ కూర్చున్నాం. లైట్లు చూసి ఉంటే నిమిషంలో తేలిపోయేది.

[దగ్గరగా: ఫైబర్ పెట్టె మీద లైట్లు]

ఇదిగో, ఎల్ఓఎస్ (LOS) అని రాసి ఉన్న లైటు. ఇది ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి రావాల్సిన కాంతి పెట్టెదాకా రావట్లేదన్నమాట. అప్పుడు ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. పెట్టె వెనక సన్న వైరు బీరువా కింద నలిగిందా, ఎలక కొరికిందా, మరీ మడత పడిందా చూడండి. మడత ఉంటే మెల్లగా వదులు చేయండి. దాని కొస పీకి కంటి దగ్గర పెట్టుకోవద్దు. ఆ కాంతి మనకి కనబడదు, కానీ కంటికి మంచిది కాదు. ఇక కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసినప్పుడు "నెట్ రావట్లేదు" అని ఊరుకోకండి, "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అనండి. పోగు అతికించే మిషను వెంట తెచ్చుకుంటాడు.

ఎర్ర లైటు లేదు, లైను కలిసిందని చెప్పే పీఓఎన్ (PON) లైటు పచ్చగా నిలకడగా ఉంది, అయినా నెట్ లేదా? ముందు రీఛార్జ్ చూసుకోండి. తర్వాత ప్లగ్గు తీసి, అరనిమిషం ఆగి పెట్టండి, రెండు మూడు నిమిషాలు వేచి చూడండి.

[దగ్గరగా: పెట్టె వెనక చిన్న రంధ్రం]

ఒక్కమాట గట్టిగా చెబుతాను. ఈ రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కకండి. ఆపి వేసే రీస్టార్ట్ వేరు, ఈ రీసెట్ వేరు. ఇది నొక్కితే కనెక్షన్ ఇచ్చినవాళ్లు వేసిన సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. పది నిమిషాల్లో పోయే ఇబ్బంది, మళ్లీ మనిషి వచ్చేదాకా అలాగే ఉండిపోతుంది.

నెట్ హాల్లో బాగుండి వెనకగదిలో నెమ్మదిస్తే తప్పు లైనుది కాదు. పాత మండువా ఇళ్ల గోడలు మందం. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమే కానీ గోడలు సరిగ్గా దాటలేదు, ఆ గదిలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పెట్టుకోండి.

ఆఫీసులో, భీమవరంలో రొయ్యల లెక్కలు చూసే ఆఫీసే అనుకోండి, ఒక్క కంప్యూటర్‌కే నెట్ లేకపోతే దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కి ఉండే నంబరు, చూడండి. 169.254తో మొదలైతే దానికి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదు. కంప్యూటర్‌కి పెట్టిన లాన్ (నెట్) వైరు తీసి గట్టిగా గుచ్చండి, లేదంటే వైరు మార్చి చూడండి.

[దృశ్యం: పెట్టె పక్కన అతికించిన కాగితం]

మీ కనెక్షన్ నంబరు, కేబుల్ అబ్బాయి ఫోన్ నంబరు ఇలా రాసి పెట్టె పక్కనే అతికించండి. నెట్ పోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లే ఉన్నా చూసి ఫోన్ చేసేస్తారు.