యురేనియం కేంద్రకం తిరుగుతోందని స్ప్రెడ్‌షీట్‌లో చూద్దాం

అందరికీ నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు యురేనియం 238 తీసుకుందాం. మన తుమ్మలపల్లె గనిలో దొరికేదే. దాని కేంద్రకం గుండ్రంగా ఉండదు, వేరుశనగ విత్తనంలా కాస్త సాగి ఉంటుంది. ఎవరూ కంటితో చూడలేదు కదా, మరి ఎలా తెలిసింది? అది తిరుగుతూ, నెమ్మదిస్తూ వదిలే గామా కిరణాలను బట్టి.

స్క్రీన్ చూడండి. కేంద్రకాల వివరాలుండే న్యూడాట్ వెబ్‌సైట్ తెరిచాను, 238యూ కొట్టాను, లెవెల్స్, అంటే కేంద్రకం ఉండగల శక్తి మెట్లు, వచ్చేశాయి. మొదటి అయిదూ కాపీ, షీట్‌లో పేస్ట్. మొదటి కాలమ్ 'ఏ'లో స్పిన్, అంటే ఎంత తిరుగుతోందో చెప్పే సంఖ్య: 0, 2, 4, 6, 8. బీలో ఎనర్జీ: 0, 44.9, 148.4, 307.2, 518.1. అన్నీ కేఈవీలో, అంటే కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో. కేంద్రకం రెండు కొనలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఈ వరసలో సరి స్పిన్లే వస్తాయి.

సీలో జే ఇంటూ (జే ప్లస్ 1). జే అంటే స్పిన్. పై గడిలో ఫార్ములా రాసి, కిందిదాకా సెలెక్ట్ చేసి, కంట్రోల్ డీ. మౌస్‌తో లాగడం కంటే నాకు ఇదే హాయి.

ఇప్పుడు 148.4ని 44.9తో భాగించండి. 3.3 వచ్చింది. సాగిన ఆకారం గట్టిగా ఉండి తిరిగితే ఎనర్జీ సీ కాలమ్‌కి తగ్గట్టు పెరుగుతుంది, కాబట్టి స్పిన్ 4, 2లకి 20 బై 6, అంటే 3.33 రావాలి. గుండ్రంగా ఉండి ఊరికే కంపిస్తుంటే 2 దగ్గర ఉండేది. ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి!

ఇక్కడ కొంచెం ఆగుదాం. డిటెక్టర్ స్పెక్ట్రమ్‌లో 148.4 దగ్గర పీక్ వెతకొద్దు. అది లెవెల్ ఎనర్జీ. డిటెక్టర్‌కి అందేది రెండు లెవెల్స్ మధ్య తేడా. 4 నుంచి 2కి దిగితే 148.4 మైనస్ 44.9, అంటే 103.5. పీక్ అక్కడుంటుంది. మళ్లీ చెప్తున్నా, లెవెల్ వేరు, గామా వేరు. అందుకే డీలో బీ4 మైనస్ బీ3 అని వేస్తున్నా. కింద 158.8, 210.9. ఇక 44.9 దగ్గర పీక్ చాలా చిన్నగా ఉంటుంది, ఆ ఎనర్జీని ఎక్కువసార్లు పరమాణువులోని ఎలక్ట్రానే పట్టుకుపోతుంది.

అయిదో కాలమ్ 'ఈ'లో వరస గామాల మధ్య తేడా: 58.6, 55.3, 52.1. పూర్తిగా గట్టి వస్తువైతే ఇవి సమానంగా ఉండాలి. తగ్గుతున్నాయంటే వేగం పెరిగేకొద్దీ జడత్వ భ్రామకం, అంటే తిప్పడం ఎంత కష్టమో చెప్పే కొలత, పెరుగుతోందన్నమాట. నాకు అన్నిటికంటే ఇష్టమైన కాలమ్ ఇదే.

తర్వాత డిస్ప్రోసియం 152 వేసి చూడండి. 1986లో ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీ ల్యాబ్‌లో అందులో ఒక బ్యాండ్, అంటే ఇలాంటి లెవెల్స్ వరస, దొరికింది, గామాల మధ్య తేడా దాదాపు ప్రతిచోటా 47 కేఈవీ. అక్కడ కేంద్రకం పొడవు వెడల్పుకి రెట్టింపు.