మాస్క్ ఆమె చేతిలోనే ఉండాలి

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చిన సిస్టర్లున్నారు, అందుకని సూటిగా విషయంలోకి వస్తాను: కాన్పు నొప్పి తగ్గించడానికి మాస్క్‌తో పీల్చే ఎంటోనాక్స్ గ్యాస్ గురించి.

నేను మత్తు డాక్టర్‌ని. మత్తుమందు విషయంలో మన హైదరాబాద్‌కి చిన్న పేరు కాదు. క్లోరోఫామ్ ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఆ రోజుల్లోనే ఇక్కడ వైద్యం చదివిన రూపా బాయి ఫర్దూంజీ ప్రపంచంలోనే తొలితరం మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. అలాంటి ఊళ్లో, నేను చూసినంతలో, నొప్పులు పడుతున్న ఆడపిల్లకు దొరికే మందు చాలాసార్లు "ఓర్చుకో అమ్మా" అన్న మాటే.

నేను చదువుకునే రోజుల్లో ఒక ఆసుపత్రిలో చూశాను. ఇరవై ఏళ్లు కూడా లేని అమ్మాయి. "అరవకు, బయట మగవాళ్లు వింటారు" అంది ఆయా. ఆ పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుంది. కాన్పయ్యాక చూస్తే ఆ చున్నీ అంచు చిరిగిపోయి ఉంది. ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎంటోనాక్స్ అంటే సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. రెండూ కలిపి ఒకే సిలిండర్‌లో ఇవ్వొచ్చని 1961లో బ్రిటన్‌లో మైకేల్ టన్‌స్టాల్ అనే మత్తు డాక్టర్ చూపించాడు. ఎపిడ్యూరల్‌లా, అంటే వెన్ను దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లా, ఇది నొప్పిని పూర్తిగా తీసేయదు. పదును తగ్గిస్తుంది, అంతే. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే మోసపోయామనుకుంటారు. కొందరికి తల తిరుగుతుంది, వికారంగా ఉంటుంది. పీల్చడం ఆపితే కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది.

అసలు కిటుకంతా సమయంలో ఉంది. గ్యాస్ పనిచేయడానికి అర నిమిషం పైనే పడుతుంది. నొప్పి ఉండేదే సుమారు ఒక నిమిషం. నొప్పి బాగా ఎక్కాక మాస్క్ పెడితే, అది దిగిపోయాక మత్తు ఎక్కుతుంది. "ఏం పనిచేయలేదు మేడమ్" అనేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. సిస్టర్, మీ చెయ్యి పొట్ట మీద ఉంచండి. ఆమెకు నొప్పి తెలియకముందే పొట్ట గట్టిపడటం మీ వేళ్లకు తెలుస్తుంది. "ఇప్పుడు పీల్చమ్మా, నిదానంగా, లోతుగా" అనండి.

మాస్క్ మాత్రం ఆమే పట్టుకోవాలి. అత్తగారు జాలిపడి పట్టుకుంటానన్నా, భర్త పట్టుకుంటానన్నా వద్దు. మగత ఎక్కువైతే ఆమె చెయ్యి దానంతటదే జారుతుంది, గ్యాస్ ఆగుతుంది. ఇంకొకరు పట్టుకుంటే ఆ రక్షణ పోతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లకు, పేగు అడ్డుపడినవాళ్లకు ఇది ఇవ్వకూడదు. విటమిన్ బి12 లోపం ఉందేమో ముందే అడగండి. గదిలో గాలి ఆడాలి, ఎందుకంటే రోజంతా అక్కడ నిలబడేది మీరే.

తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కారణాలు చాలా ఉన్నాయి, నొప్పి భయం వాటిలో ఒకటి. "ఆపరేషన్ చేసేయండి మేడమ్, నా వల్ల కాదు" అని ఏడో నెలలోనే అడిగేవాళ్లు మీకూ తెలుసు.

అందుకే మీ దగ్గర సిలిండర్ ఉంటే, నొప్పులు మొదలయ్యేదాకా ఆగకండి. ఎనిమిదో నెల చెకప్‌కి వచ్చినప్పుడే మాస్క్ ఆమె చేతికివ్వండి. గ్యాస్ పెట్టక్కర్లేదు. ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు ఊపిరి తీయాలో ఒక్కసారి చేయించండి. ఇప్పుడు ఇక్కడ రెండు మాస్క్‌లు తెచ్చాను, ముందు వరుసలోంచి మొదలుపెడదాం.