పాత తారుకు నీటి పరీక్ష

శ్రోతలకు నమస్కారం.

మీ వీధిలో తారురోడ్డు ఇప్పటికి ఎన్నిసార్లు వేశారు? పాతదాని మీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు లేస్తుంది, గుమ్మం దిగుతుంది. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు దిగి వెళ్లేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. వానాకాలంలో వాళ్ల టెన్షన్ వాళ్లకే తెలుసు.

పాత పొరను మెషీన్‌తో గీకి తీసి, ఆ కంకరనే మళ్లీ వాడొచ్చు. మామూలుగా తారు, కంకర కలపాలంటే రెండింటినీ 150 డిగ్రీలకు అటూఇటూగా కాచాలి. ఇలా పాత కంకరను చల్లగానే మళ్లీ వాడే కోల్డ్ రీసైక్లింగ్‌లో దాన్ని కాచే పని లేదు. తారును నీళ్లలో కలిసే ఎమల్షన్‌గానో, నురగగానో మార్చి కలుపుతారు.

ఆ నురగ సంగతి సరదాగా ఉంటుంది. కాగే నూనెలో నీటిబొట్టు పడితే ఏమవుతుందో వంట చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. 160 డిగ్రీలు దాటిన తారులోకి కాసిన్ని చన్నీళ్లు చిమ్మితే అదీ అలాగే పొంగుతుంది. ల్యాబ్‌లో ఆ పొంగును డబ్బాలో పట్టి, స్టాప్‌వాచ్ నొక్కి కూర్చుంటారు. సాధారణంగా కనీసం 8 రెట్లు పొంగాలి, సగానికి దిగడానికి 6 సెకన్లయినా పట్టాలి. కలపడానికి దొరికే వ్యవధి అంతే మరి.

కలిపిన మిశ్రమం నిగనిగలాడుతూ నల్లగా ఉండదు. నురగ తారు పెద్ద రాళ్లను వదిలేసి సన్నటి పొడిని పట్టుకుంటుంది. చూసినవాళ్లు ‘తారు మిగిల్చుకున్నారు’ అని అనుమానపడితే తప్పు పట్టలేం. తేల్చాల్సింది పరీక్షే.

మిశ్రమాన్ని 4 అంగుళాల గుండ్రటి అచ్చులో పోసి, నాలుగున్నర కిలోల సుత్తితో రెండు వైపులా 75 దెబ్బల చొప్పున దట్టిస్తారు. చూడ్డానికి పెద్ద బెల్లం అచ్చులా ఉంటుంది. 40 డిగ్రీల ఓవెన్‌లో 3 రోజులు ఆరబెడతారు. తర్వాత కొన్నిటిని పొడిగానే ఉంచి, కొన్నిటిని ఒక రోజంతా నీళ్లలో నానబెడతారు. ఒక్కోదాన్ని చక్రంలా నిలబెట్టి, అది నిలువునా చీలేదాకా పైనుంచి నొక్కుతారు. రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం పొడి అచ్చుకు కనీసం 225, నానినదానికి కనీసం 100 కిలోపాస్కల్‌ల బలం ఉండాలి.

నన్నడిగితే రెండో అంకెనే ముందు చూడాలంటాను. పొడిది 300 దాకా తట్టుకుని, నానినది 80కే చీలిందనుకోండి, ఆ మిశ్రమం వేసవిలో బాగానే ఉంటుంది, శ్రావణమాసంలో గుంతలు పడుతుంది. ఇక్కడే ఒక అడ్డదారి ఉంది. మిశ్రమంలో కొద్దిగా వేసే సిమెంటును ఇంకాస్త పెంచితే అంకె ఇట్టే పెరుగుతుంది. కానీ పొర పెళుసుబారి, బరువు లారీల కింద పగుళ్లిస్తుంది. అందుకే సిమెంటును సాధారణంగా 1 శాతం దాటనివ్వరు.

రోడ్డు వేశాక కూడా డ్రిల్లుతో గుండ్రటి ముక్క తీసి ఇలాగే నొక్కి చూస్తారు. లోపలి తడి ఆరకముందే తొందరపడితే ముక్క పైకి రాదు. మట్టిగడ్డలా డ్రిల్లులోనే విడిపోతుంది.