గెలవకుండానే దారి మళ్ళించిన మనిషి: 1968లో జార్జ్ వాలెస్

సభకు నమస్కారం.

అట్లాంటా నుంచి ఐ-85 మీద రెండున్నర గంటలు కారు నడిపితే మాంట్‌గోమరీ వస్తుంది. అలబామా రాజధాని. ఫ్లోరిడా బీచ్‌లకి వెళ్తూ మీలో చాలామంది ఆ ఊరి పక్కనుంచే పోయి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక గంట ఆగండి. రాష్ట్ర శాసనసభ ఉండే క్యాపిటల్ భవనం మెట్లెక్కి వెనక్కి తిరిగి చూస్తే కూతవేటు దూరంలో ఎర్ర ఇటుకల చర్చి ఒకటి కనిపిస్తుంది. డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా పనిచేసిన డెక్స్‌టర్ అవెన్యూ చర్చి అది. ఆ చర్చికి ఎదురుగా, ఆ మెట్ల పైనే, 1963 జనవరి 14న జార్జ్ వాలెస్ గవర్నర్‌గా ప్రమాణం చేశాడు. తెల్లవాళ్ళనూ నల్లవాళ్ళనూ వేరుగా ఉంచడం ఇవాళ, వేరుగా ఉంచడం రేపు, వేరుగా ఉంచడం ఎప్పటికీ అని అరిచి చెప్పాడు. నేను అక్కడ నిలబడినప్పుడు నన్ను కలవరపెట్టింది ఆ దూరమే. అంత దగ్గర దగ్గరగా ఉన్నాయి ఆ రెండు గొంతులు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ వాలెస్ గురించి. అమెరికా అధ్యక్ష పదవి కోసం నాలుగుసార్లు బరిలో దిగాడు. ఒక్కసారీ గెలవలేదు. అయినా 1968 తర్వాత అమెరికా రాజకీయాలు అంతకుముందులా లేకపోవడానికి గెలిచిన రిపబ్లికన్ నిక్సన్ ఎంత కారణమో, మూడో స్థానంలో మిగిలిన వాలెస్ కూడా అంతే కారణమని నా నమ్మకం. జనాన్ని రెండుగా చీల్చే మనిషి బయటినుంచి వచ్చి పోటీలో నిలబడితే, అతనికి ఎన్ని ఓట్లు వచ్చాయి, ఎవరి ఓట్లు చీల్చాడు అని లెక్క వేస్తాం. అతన్ని చూసి మిగతా ఇద్దరూ తమ మాట ఎలా మార్చుకున్నారో మాత్రం చూడం. అసలు మార్పు అక్కడ జరుగుతుంది.

వాలెస్ మొదటినుంచీ ఇలా లేడు. 1958లో మొదటిసారి గవర్నర్ పదవికి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, నిలబడినప్పుడు నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ మద్దతు అతనికే ఉంది. నల్లవాళ్ళ మీద దాడులు చేసే తెల్లవాళ్ళ ముఠా కూ క్లక్స్ క్లాన్ అండ ఉన్న జాన్ ప్యాటర్సన్ చేతిలో ఓడిపోయాడు. జాతి ద్వేషం విషయంలో ఇక నన్నెవరూ మించకూడదు అని అప్పుడే నిశ్చయించుకున్నాడని అతని దగ్గరివాళ్ళు తర్వాత చెప్పారు. 1962లో గెలిచాడు. అంటే ఆ ద్వేషాన్ని అతను చూసి చూసి ఎంచుకున్నాడు. నమ్మి అన్న మాటకంటే లెక్క వేసి అన్న మాట నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది.

1963 జూన్ 11న టస్కలూసాలో అలబామా యూనివర్సిటీ తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థులు అడ్మిషన్ కోసం వచ్చారు. అధ్యక్షుడు కెన్నెడీ అలబామా నేషనల్ గార్డ్‌ను తన ఆధీనంలోకి తీసుకున్నాక వాలెస్ పక్కకి తప్పుకున్నాడు. పిల్లలిద్దరూ లోపలికి వెళ్ళారు. పంతం చూస్తే ఓడింది వాలెస్. కానీ టీవీలో దేశమంతా చూసింది ఫెడరల్ ప్రభుత్వానికి ఎదురు నిలిచిన ఒక పొట్టి మనిషిని. కుర్రతనంలో బాక్సింగ్ చేసినవాడు కదా, దెబ్బ తిన్నా బరిలో నిలబడి కనిపించడం ఎంత ముఖ్యమో అతనికి తెలుసు.

మరుసటి ఏడాది 1964లో ఉత్తరాదికి వెళ్ళి డెమొక్రాటిక్ ప్రైమరీల్లో నిలబడ్డాడు. విస్కాన్సిన్‌లో మూడో వంతు ఓట్లు, ఇండియానాలో దాదాపు 30 శాతం, మేరీలాండ్‌లో 40 శాతం దాటి వచ్చాయి. దక్షిణాది రోగం మాకు లేదనుకున్న ఉత్తరాది నాయకులు ఉలిక్కిపడ్డారు. మిల్వాకీలో అతని సభకి వచ్చినవాళ్ళు పోలండ్, సెర్బియా నుంచి వలస వచ్చిన కుటుంబాలవాళ్ళు. ఫ్యాక్టరీ కార్మికులు. అప్పులు చేసి ఇల్లు కొనుక్కున్నవాళ్ళు. మా వీధి మారిపోతుందేమో, మా ఇంటి ధర పడిపోతుందేమో అన్న టెన్షన్‌లో ఉన్నవాళ్ళు. వాళ్ళందరినీ జాత్యహంకారులు అని ఒక్క మాటలో తీసిపారేయడం తేలిక. అలా తీసిపారేసిన ప్రతిసారీ వాలెస్ బలం పెరిగింది.

ఇక 1968. ఆ ఏడాది ఎలా గడిచిందో గుర్తు చేస్తాను. మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ మళ్ళీ పోటీ చేయనన్నాడు. ఏప్రిల్ 4న కింగ్‌ను కాల్చి చంపారు. వందకి పైగా ఊళ్ళలో అల్లర్లు. జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ హత్య. ఆగస్టులో షికాగోలో డెమొక్రాట్ల మహాసభ జరుగుతుంటే బయట పోలీసుల లాఠీలు. వియత్నాం నుంచి శవపేటికలు వస్తూనే ఉన్నాయి. రెండు పార్టీల మధ్య పది సెంట్ల తేడా కూడా లేదని వాలెస్ ఊరూరా చెప్పాడు. సైకిల్ కూడా సరిగ్గా నిలబెట్టడం రాని ప్రొఫెసర్లు మనకి బతకడం నేర్పుతారా అని అడిగాడు. తనను తిట్టడానికి వచ్చిన కుర్రాళ్ళను సభలో ఉండనిచ్చేవాడు. వాళ్ళు అరిచే కొద్దీ తన మనుషులకి కోపం రావాలి, ఆ కోపం టీవీలో కనిపించాలి. అక్టోబరు 24న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సభ పెడితే హాలు నిండిపోయింది. అలబామా మాజీ గవర్నర్‌కి న్యూయార్క్ నడిబొడ్డున!

మూడో పార్టీ మనిషి అన్ని రాష్ట్రాల బ్యాలెట్ల మీదికి ఎక్కడమే పెద్ద పని. కాలిఫోర్నియాలో 66 వేల మందిని తన పార్టీలో ఓటర్లుగా నమోదు చేయించాలి. అతను లక్ష దాటించాడు. ఒహాయోలో నిబంధనలు అడ్డొస్తే సుప్రీంకోర్టుకి వెళ్ళి గెలిచాడు. చివరికి 50 రాష్ట్రాల్లోనూ పేరు ఎక్కింది. సెప్టెంబరు చివర గాలప్ సర్వేలో నిక్సన్‌కి 43, డెమొక్రాట్ హంఫ్రీకి 28, వాలెస్‌కి 21.

గెలుస్తానని అతను అనుకోలేదు. అనుకున్నది వేరు. అధ్యక్షుణ్ణి చివరికి ఎన్నుకునేది రాష్ట్రాల తరఫున ఓటేసే ఎలక్టర్లు. వాళ్ళ మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో ఎవరికీ 270 రాకపోతే ఎన్నిక ప్రతినిధుల సభకి పోతుంది. అక్కడ పెద్ద రాష్ట్రమైనా చిన్న రాష్ట్రమైనా ఒక్కటే ఓటు. 1824 తర్వాత అధ్యక్ష ఎన్నిక అలా తేలింది లేదు. వాలెస్ అంతదాకా కూడా పోనక్కర్లేదనుకున్నాడు. నవంబరులో జనం ఓటేశాక, డిసెంబరులో ఎలక్టర్లు ఓటేసేదాకా ఆరు వారాల వ్యవధి ఉంటుంది. ఆ ఆరు వారాల్లో బేరం పెట్టాలి. నా ఎలక్టర్లు మీకు ఓటేస్తారు, మీరు మా రాష్ట్రాల స్కూళ్ళ జోలికి రాకండి. పౌరహక్కుల చట్టాలను చేతికి మట్టి అంటకుండా నీరుగార్చడానికి వేసిన ఎత్తు అది.

ఈ ఎత్తు ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. నిక్సన్‌కి 301, హంఫ్రీకి 191, వాలెస్‌కి 46 వచ్చాయి. కాలిఫోర్నియాలో నిక్సన్ మెజారిటీ సుమారు 2.2 లక్షలు. ఆ ఒక్క రాష్ట్రం, దాని 40 ఓట్లు అటు పోయి ఉంటే నిక్సన్ 261 దగ్గర ఆగిపోయేవాడు. ఎవరికీ 270 ఉండేది కాదు. అమెరికా అధ్యక్షుణ్ణి తేల్చే తాళం చెవి అలబామా మాజీ గవర్నర్ జేబులో ఉండేది.

అలా జరగలేదు. ఎందుకు జరగలేదన్నదే ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైన భాగం. వాలెస్‌ను ఇద్దరు రెండు రకాలుగా ఎదుర్కొన్నారు.

ఒకటి నిక్సన్ పద్ధతి. దక్షిణ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ అతనికి తోడు. ఈ థర్మండ్ పాత కథ ఒకటి చెప్పాలి. 1948లో మినియాపొలిస్ మేయర్‌గా ఉన్న ఇదే హంఫ్రీ పార్టీ మహాసభలో పౌరహక్కుల కోసం గొప్పగా మాట్లాడితే, దక్షిణాది ప్రతినిధుల్లో కొందరు లేచి వెళ్ళిపోయారు. థర్మండ్ వాళ్ళ తరఫున అధ్యక్ష పదవికి నిలబడి 39 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, అప్పటికే రిపబ్లికన్‌గా మారిన అతను, వాలెస్‌కి వేసే ఓటు హంఫ్రీకి వేసినట్టే అని దక్షిణాదంతా తిరిగాడు. నిక్సన్ వాలెస్ భాష వాడలేదు. శాంతిభద్రతలు అన్నాడు. కోర్టులు హద్దు దాటుతున్నాయన్నాడు. నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదివేలా వాళ్ళను బస్సుల్లో దూరపు స్కూళ్ళకి పంపించడం తప్పని దక్షిణాది ప్రతినిధులకి మయామీలో మాట ఇచ్చాడు. వాలెస్ అరిచి చెప్పినదాన్ని నిక్సన్ కోటు తొడుక్కుని మెల్లగా చెప్పాడు. దక్షిణాదిలో అంచు రాష్ట్రాలు అతనికి దక్కాయి. వాలెస్ అయిదు రాష్ట్రాలకి పరిమితమయ్యాడు: అలబామా, మిసిసిపీ, లూసియానా, ఆర్కన్సా, మనం ఉంటున్న ఈ జార్జియా.

రెండోది కార్మిక సంఘాల పద్ధతి. ఉత్తరాది ఫ్యాక్టరీల్లో తమ సభ్యులే వాలెస్ వైపు పోతున్నారని నాయకులకి ఆలస్యంగా తెలిసింది. తెలిశాక సభ్యుల్ని తిట్టలేదు. లక్షల కొద్దీ కరపత్రాలు పంచారు. వాటిలో ఉన్నది అలబామాలో కార్మికుడి జీతం ఎంత, సంఘం పెట్టుకోవడం అక్కడ ఎంత కష్టం, స్కూళ్ళ మీద ఆ రాష్ట్రం ఖర్చు పెట్టేది ఎంత అనే. నీ మనిషినని చెప్పుకుంటున్నవాడి సొంత ఇంట్లో నీలాంటి కార్మికుడు ఎలా బతుకుతున్నాడో చూడు అన్నారు. అక్టోబరులో ఉత్తరాది కార్మికులు చాలామంది హంఫ్రీ దగ్గరికి తిరిగొచ్చారు. వాలెస్ కూడా తన కాలు తనే విరగ్గొట్టుకున్నాడు. అక్టోబరు 3న పిట్స్‌బర్గ్‌లో రిటైర్డ్ వైమానిక దళ జనరల్ కర్టిస్ లెమేను ఉపాధ్యక్ష అభ్యర్థిగా చూపిస్తే, అణుబాంబంటే జనానికి లేనిపోని భయం అన్నట్టు లెమే మాట్లాడాడు. పక్కన నిలబడి సర్దిచెప్పబోయిన వాలెస్ ముఖం పాలిపోయింది. చివరికి అతనికి మిగిలింది 13.5 శాతం, 99 లక్షల ఓట్లు. నిక్సన్‌కీ హంఫ్రీకీ మధ్య తేడా సుమారు అయిదు లక్షలే.

వీటిలో రెండో పద్ధతే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ నిలిచింది మొదటిదే. 1972లో వాలెస్ డెమొక్రాటిక్ ప్రైమరీల్లోకి తిరిగొచ్చి మార్చి 14న ఫ్లోరిడాలో గెలిచాడు. అతని నినాదం ఆ స్కూలు బస్సులు వద్దన్నది. సరిగ్గా రెండు రోజులకి, మార్చి 16న, నిక్సన్ టీవీలో కనిపించి కోర్టులు కొత్తగా బస్సుల ఆదేశాలు ఇవ్వకుండా ఆపే చట్టం చేయమని కాంగ్రెస్‌ను అడిగాడు. అధ్యక్ష భవనంలో కూర్చున్న మనిషిని, ఒక ప్రైమరీ గెలిచిన మనిషి రెండు రోజుల్లో కదిలించాడు. ఆ నవంబరులో వాలెస్ రాష్ట్రాలు అయిదూ నిక్సన్ ఖాతాలో పడ్డాయి.

అంతకుముందే, అదే 1972 మే 15న మేరీలాండ్‌లోని లారెల్‌లో ఒక షాపింగ్ సెంటర్ దగ్గర వాలెస్‌ను కాల్చారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. మరునాడే మేరీలాండ్, మిషిగన్ రెండూ గెలిచాడు. అధ్యక్ష పదవికి నిలబడిన మొదటి నల్లజాతి కాంగ్రెస్ సభ్యురాలు షర్లీ చిజమ్ ఆస్పత్రికి వెళ్ళి ఆయన్ని పలకరించారు. తన వాళ్ళ చేత మాటలు పడతానని తెలిసి కూడా వెళ్ళారు.

వాలెస్‌తో సంబంధం లేకుండా అదే 1968 మరో తలుపు తెరిచింది. హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా దిగకుండా టికెట్ తెచ్చుకున్నాడన్న కోపంతో డెమొక్రాట్లు నియమాలు మార్చారు. రిపబ్లికన్లూ ఆ దారి పట్టారు. పార్టీ పెద్దల గదిలో తేలేది ప్రైమరీ ఓటర్ల చేతికి వచ్చింది. బయటి మనిషి ఇక మూడో పార్టీ పెట్టి 50 రాష్ట్రాల బ్యాలెట్ల కోసం తిప్పలు పడనక్కర్లేదు. 1992లో రాస్ పెరో విడిగా నిలబడి 18.9 శాతం తెచ్చుకున్నాడు. అతని బలం దేశమంతా పలచగా పరుచుకుని ఉండటంతో ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు. 2016లో డోనాల్డ్ ట్రంప్ పార్టీ లోపలికే వచ్చి ప్రైమరీలు గెలిచాడు.

1968 చూసి భయపడ్డ ప్రతినిధుల సభ మరుసటి ఏడాది ఎలక్టోరల్ కాలేజీనే రద్దు చేయాలని 338-70 ఓట్లతో తీర్మానించింది. సభలో దాన్ని నడిపించినవాడు బ్రూక్లిన్‌కి చెందిన ఇమాన్యుయెల్ సెల్లర్. ఆ పేరు మనం గుర్తుపెట్టుకోవాలి. 1965 వలస చట్టం కూడా ఆయన పేరు మీదే ఉంది. అది లేకపోతే ఈ హాల్లో మనలో ఎక్కువమందిమి ఉండేవాళ్ళం కాదు. 1970లో సెనేట్‌లో చర్చ ముగియనివ్వకుండా సాగదీసి ఆ సవరణను ఆపేశారు. ఆపినవాళ్ళలో ముందు వరసలో ఉన్నది మళ్ళీ థర్మండే. 270 లెక్క అలాగే ఉంది. 1968లో జార్జియాలో వాలెస్‌కి వచ్చింది దాదాపు 43 శాతం. మొత్తం 12 ఎలక్టోరల్ ఓట్లూ అతనికే పోయాయి. ఆ పద్ధతీ అలాగే ఉంది.

1979లో చక్రాల కుర్చీలో డెక్స్‌టర్ అవెన్యూ చర్చికి వెళ్ళి వాలెస్ క్షమాపణ అడిగాడు. 1982లో నల్లజాతి వాళ్ళ ఓట్లతోనే మళ్ళీ గవర్నర్ అయ్యాడు. 1998లో చనిపోయాడు. ఆ క్షమాపణ నిజమైనదో కాదో తేల్చడానికి నేనెవర్ని? నేను ఆలోచించేది వివియన్ మలోన్ గురించి. తలుపు దగ్గర అతను అడ్డుకున్న ఆ అమ్మాయి 1965లో ఆ యూనివర్సిటీలో డిగ్రీ తీసుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి అయ్యారు. తర్వాత మన అట్లాంటాకే వచ్చారు. దక్షిణాదిలో నల్లజాతి వాళ్ళను ఓటర్లుగా నమోదు చేయించే సంస్థకి ఇక్కడే డైరెక్టర్‌గా పనిచేశారు. 2005లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు.