ఖాళీగా తిరిగే జనరేటర్‌ను 60 హెర్ట్జ్ దగ్గరే సర్ది వదిలేయకండి

నమస్కారమండీ! గాలివానకు కరెంటు పోకముందే జనరేటర్ వేగం సర్దే పని చూసుకుందాం. పెట్రోలు జనరేటర్‌ను ఇంటికి 20 అడుగుల అవతల, పొగ గొట్టం ఇంటివైపు తిరగకుండా పెట్టాను. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. గ్యారేజీ తలుపు తెరిచే ఉంది కదా అనే ధీమా అస్సలు పనికిరాదు.

కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అదే ఫ్రీక్వెన్సీ, దాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. భారతదేశంలో కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ అమెరికాలో 60. ఇలాంటి మామూలు జనరేటర్‌లో ఇంజను నిమిషానికి 3600 చుట్లు తిరిగితే 60 వస్తుంది, 3000 తిరిగితే 50. ఇన్వర్టర్ రకమైతే ఫ్రీక్వెన్సీని ఎలక్ట్రానిక్సే చూసుకుంటాయి, దాని జోలికి వెళ్లకండి.

ఇంట్లోకి వెళ్లే వైర్లన్నీ తీసేశాను. ఇంజను వేడెక్కింది, మల్టీమీటర్ హెర్ట్జ్‌లో ఉంది. చూడండి, 59.6. భేషుగ్గా ఉంది అనిపిస్తుంది కదూ? ఇప్పుడు 1500 వాట్ల హీటర్ వేస్తున్నాను. ఎత్తు ఎక్కుతున్న బండిలా గొంతు మారింది, విన్నారా? 57.4కు దిగింది. లోడు పడితే, ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ అనే భాగం కొంత వేగం వదిలేస్తుంది, అది దాని స్వభావం. వోల్టేజీ తగ్గకుండా ఫ్రీక్వెన్సీ ఒక్కటే బాగా పడిపోతే ఫ్రిజ్ మోటారు, ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కుతాయి. కొన్ని యూపీఎస్‌లైతే ఈ కరెంటు మాకొద్దని బ్యాటరీ మీదికి వెళ్లిపోతాయి.

గవర్నర్ స్ప్రింగ్‌ను లాగి పట్టే స్క్రూ ఇదిగో, కాలే సైలెన్సర్‌కు ఇంత దగ్గరగా ఎందుకు పెడతారో! ఎటు తిప్పాలన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. హీటర్ తీసేసి, పావు చుట్టు... కాస్త ఆగి, ఇంకొంచెం... 62.1. హీటర్ వేస్తే 59.9. ఇక చెయ్యి తీసేయవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు 62 చుట్టుపక్కల, లోడు మీద 60 దగ్గర, మనకు కావలసింది ఇదే. ఒక హెర్ట్జ్ ఎక్కువైతే కరెంటు లయతో నడిచే ఓవెన్ గడియారం గంటకు ఒక నిమిషం ముందుకు పోతుంది, అంతే.

వోల్టేజీ కూడా చూశాను, 120 దగ్గరే ఉంది. అది తేడాగా ఉంటే ఈ స్క్రూతో సర్దబోకండి, దాని రెగ్యులేటర్ వేరే.

జనరేటర్ నుంచి గోడ సాకెట్‌లోకి మాత్రం ఎప్పుడూ కరెంటు ఎక్కించకండి, వీధిలో తీగలు బాగుచేసే మనిషి ప్రాణానికే ముప్పు. ఇంటిని వీధి లైను నుంచి విడదీసి జనరేటర్‌కు కలిపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ లేనివాళ్లు ఆరుబయట వాడే మందపాటి వైరుతో నేరుగా పరికరాలకే ఇవ్వండి. ముందు ఫ్రిజ్. దాని కంప్రెసర్ అందుకున్నాకే మిగతావి.