కొడుక్కి చెప్పనిది మనవరాలికి చెప్పిద్ది

అందరికీ నమస్కారం. ఈరోజు అవ్వాతాతల గురించి మాట్లాడుకుందాం. ముద్దు చేస్తారు, కథలు చెప్తారు, నాన్న చెయ్యెత్తితే అడ్డం పడతారు, ఇయ్యన్నీ మీకు తెలిసినయ్యే, మళ్లీ నేను రేడియోలో చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకుంది ఇంకోటి. కన్నబిడ్డల దగ్గర నోరిప్పని పెద్దోళ్లు మనవళ్లు, మనవరాళ్ల దగ్గర మాత్రం కొన్ని సంగతులు గడగడా చెప్పేస్తారు, ఎప్పుడైనా గమనించారా?

మాది నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన పల్లె. మా అవ్వ నాన్నతో మాట్లాడేదంతా పనుల గురించే, పెన్షన్ పడిందా, బీపీ మాత్రలు అయిపోయినయ్, బర్రెకి దాణా తేవాలి, అంతే. అదే నేను హైదరాబాద్ నించి సెలవులకి వస్తే చేపల పులుసు ఉంటది, మామిడికాయ ముక్కలేసి ముందురోజే కాచి పెట్టిద్ది, మర్నాడు తింటేనే దాని రుచి, నెల్లూరోళ్లకి ఈ ముక్క చెప్తే నవ్వుతారు. నాకు ఉద్యోగం వచ్చినా సరే, చేపముక్కని వేళ్లతో ఒత్తి చూసి, సన్న ముల్లు కూడా ఏరి పక్కన పెట్టి, అప్పుడు నా కంచంలో వేసిద్ది. ఆ ముళ్లు ఏరతా ఏరతా మాటల్లో పడిద్ది. ఒకసారి అట్టానే సారా సంగతి బయటికొచ్చింది.

సారా ఉద్యమం పెద్దోళ్లకి గుర్తుండే ఉంటది. 1990ల మొదట్లో మన జిల్లాలో అక్షరాస్యత క్లాసులు నడిచినయ్, పగలంతా కూలికి పోయొచ్చిన ఆడోళ్లు రాత్రిళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు, చదువుతో పాటు ఇంట్లో కష్టాలు కూడా అక్కడే మాట్లాడుకునేవాళ్లు. 1992లో మా పక్క దూబగుంటలో ఆడోళ్లంతా సారా అంగడి మీద తిరగబడ్డారు, వాళ్లని ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు అట్టానే రాష్ట్రమంతా తెలిసింది. అది ఊరూరికీ పాకి, 1993 అక్టోబర్ 1 నించి రాష్ట్రమంతా సారా బంద్.

ఇదంతా నేను చదివిందే, మా అవ్వ కూడా ఆ గుంపులో ఉందని మాత్రం నాకు తెలీదు. మా ఊళ్లో సారా ప్యాకెట్లు గుట్టపోసి తగలబెట్టిన రోజు కిరసనాయిలు డబ్బా తెచ్చింది ఈమేనంట! ఆ రాత్రి తాత ఇంట్లో పెద్ద రభస చేశాడంట, తాతకి ఆ సారానే అలవాటు గదా మరి. నాన్న అప్పుడు నెల్లూరు హాస్టల్లో ఉండి చదువుకుంటా ఉండాడు, ఆయనకి ఇప్పటిదాకా ఈ సంగతి తెలీదు.

నాన్నకి ఎందుకు చెప్పలేదవ్వా అంటే, "మీ నాయనకి వాళ్ల నాయనంటే దేవుడు మే, ఆ మాట నా నోటితో నేనెట్టా చెప్పేది" అనింది.

అదీ సంగతి. కొడుకు దగ్గర ఆమె అమ్మ, ఆ ఇంటి పరువు మొత్తం ఆమె మోయాలి. నాకైతే తాత గోడ మీద ఫోటోనే, ఆయన్ని గురించి ఏం చెప్పినా నాకు కొత్తగా తెగేదీ విరిగేదీ లేదు. పక్కింటి తాత కూడా అంతే, 1979 మే తుఫానులో పోయిన తన తమ్ముడి గురించి కొడుకులతో ఎప్పుడూ అనలేదంట, మనవడు ఊరికే గాలివాన గురించి అడిగితే మొత్తం చెప్పాడు.

అయితే వీడియో కాల్‌లో ఇయ్యి రావు, నా అనుభవంలో రాలేదు. మనోళ్ల పిల్లలందరూ బెంగుళూరు, చెన్నై, అమెరికా, వారానికోసారి ఫోన్ చేస్తారు, కాదనను. కానీ ఆ ఫోన్ పట్టుకునేది కోడలు, స్పీకర్ ఆన్‌లో ఉంటది, ఇంట్లో అందరూ చుట్టూ చేరి వింటా ఉంటారు, ఇంక ఆ ముసలామె తిన్నావా, బాగుండావా అనక ఏమంటది చెప్పండి! పక్కన కూర్చోవాలి, పనేం లేకుండా కూర్చోవాలి, ఒక పూటంతా ఏం మాట్లాడకపోయినా లేవకూడదు.

ఇది రేడియోలో చెప్తానవ్వా అని ముందే అడిగా. కాసేపు ఆలోచించి, "చెప్పుకో, తాత పేరు మాత్రం చెప్పబాకు, మీ నాయన రేడియో వినడులే" అనింది.